గోడ మీది బల్లి ఏ బల్లి?

తెలుగులో తొండకి ఒక పేరు, ఉడుముకి ఒక పేరు ఉన్నాయి. గోడ మీద పాకే వాటన్నిటికీ మాత్రం కలిపి ఒకటే పేరు: బల్లి. సైన్స్‌లో మన ఇళ్ళల్లో కనిపించే బల్లుల్ని హెమిడాక్టిలస్ అనే ప్రజాతిలో పెట్టి, అందులో మళ్ళీ చాలా జాతులుగా విడదీస్తారు. గ్రీకులో ఆ పేరుకి 'సగం వేలు' అని అర్థం. వేళ్ళ కింద గోడని పట్టుకునే మడతలు మధ్యలో రెండుగా చీలి ఉంటాయి, అందుకే ఆ పేరు.

మన వైపు తరచుగా కనిపించేవి మూడు అనుకుందాం: ఫ్రెనాటస్, బ్రూకియై గుంపు, లెషెనాల్టీ. మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్ళకి ఇది అచ్చంగా క్లాసిఫికేషన్ ప్రాబ్లమ్. ఏ ఫీచర్‌ని నమ్మాలి అన్నదే అసలు ప్రశ్న.

అందరూ ముందు చూసేది రంగు. కానీ ఒకే బల్లి పగలు ముదురుగా, రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర పాలిపోయి కనిపిస్తుంది. సైజు చూద్దామంటే, పెద్ద జాతి పిల్ల, చిన్న జాతి పెద్దది ఒకేలా ఉండొచ్చు. ఇక తోక. ఫ్రెనాటస్ తోక చుట్టూ చిన్న ముళ్ళలాంటి బొడిపెలు రింగులు రింగులుగా ఉంటాయి. అయితే తోక తెగి మళ్ళీ పెరిగితే అవి రావు, నున్నగా ఉంటుంది. అంటే తోక నున్నగా ఉంటే ఏమీ తేలదు.

మరి దేన్ని చూడాలి? మొదట వీపు. మెడ దగ్గర్నుంచి వరసలు వరసలుగా గరుకు బొడిపెలు కనిపిస్తే బ్రూకియై గుంపు. వీపు దాదాపు నున్నగా ఉంటే మిగతా రెండిట్లో ఒకటి. అప్పుడు కాళ్ళు చూడాలి. ఫ్రెనాటస్‌కి లోపలి వైపు మొదటి వేలు బాగా పొట్టి. మగదైతే ఇంకా తేలిక: తొడల కింద సన్నని రంధ్రాల వరస ఉంటుంది. ఫ్రెనాటస్‌లో అది ఒక తొడ నుంచి ఇంకో తొడ దాకా తెగకుండా సాగుతుంది. లెషెనాల్టీలో మధ్యలో ఖాళీ వచ్చి, ఆ వరస రెండు ముక్కలవుతుంది. దీని వీపు మీద చెట్టు బెరడులాంటి అలల చారలు కూడా ఉంటాయి, కానీ రంగు సంగతి ముందే చెప్పుకున్నాం కదా, అది సాయానికి మాత్రమే.

ఇంత చిన్న తేడాలు ఎందుకు అంటారా? మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో రాళ్ళ మధ్య ఉండే ఒక బల్లికి 2020లో కొత్త జాతిగా రిషీవ్యాలీయెన్సిస్ అని పేరు పెట్టారు. అంతకుముందు కూడా అది అక్కడే ఉంది. 'ఆఁ, బల్లే కదా' అని వదిలేస్తే ఒక జాతి ఉందన్న సంగతే తెలీదు. ఉందని తెలీని దాన్ని, ఆ రాళ్ళు క్వారీకి పోతే కాపాడేదెవరు?

చూడ్డానికి బల్లిని పట్టుకోవద్దు, తోక వదిలేస్తుంది. రాత్రి కిటికీ అద్దం మీద పురుగుల కోసం వచ్చినప్పుడు లోపలి నుంచి ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీయండి. వేళ్ళు, తొడలు రెండూ అటునుంచే కనిపిస్తాయి.