గర్జన పాటలో పల్లె బాణీ

ఏర్గట్ల: పీర్ల పండుగ నాటి డప్పు దరువును ఎన్నో రెట్లు వేగం చేసి, దానిపై పులి గాండ్రించినట్లు ఒకరు పాడితే ఎలా ఉంటుంది? ఇంచుమించు అటువంటిదే 'డెత్ మెటల్' సంగీతం. పసుపు ఉడకబెట్టే రాత్రులు పొయ్యిల వద్ద కాపలా ఉండే పడుచువాళ్ల సెల్‌ఫోన్లలోకి రకరకాల పాటలు వస్తున్న ఈ రోజుల్లో ఇదీ ఏదో ఒకనాటికి ఊళ్లోకి వచ్చేదే.

హైదరాబాదులో ఇప్పటికే వచ్చింది. అక్కడి 'గాడ్‌లెస్' బృందం 2016లో ఒక చిన్న రికార్డు, 2018లో మరొకటి వెలువరించి, 2021లో గాని 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే తొలి పూర్తి ఆల్బమ్ తేలేకపోయింది. సినిమా పాటదే రాజ్యమైన చోట అయిదేళ్లు పట్టు వదలకపోవడం విశేషమే. 'దేవుడు లేనివాడు' అనే ఆ పేరు విని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. భయపెట్టే పేర్లు ఈ సంగీతంలో ఆనవాయితీ.

ఆ గర్జన గొంతు చించుకోవడం కాదు. స్వరపేటికలో అసలు తంతువులకు పైనుండే మడతలను అదిలించి తీసే ధ్వని అది. సాధన లేకుండా ప్రయత్నిస్తే గొంతు పాడవుతుంది.

1980లలో అమెరికాలో ఊపందుకున్న ఈ సంగీతానికి రాగమాధుర్యం కలిపినవారిలో ముఖ్యులు స్వీడన్ దేశపు రేవు పట్టణం గోథెన్‌బర్గ్ కుర్రాళ్లు. వారిలో 'ఇన్ ఫ్లేమ్స్' బృందం తొలి ఆల్బమ్ 'లూనార్ స్ట్రెయిన్' 1994లో వచ్చింది. అప్పటికి వారికి సొంత గాయకుడే లేడు. అదే ఊరి 'డార్క్ ట్రాంక్విలిటీ' బృందంలో గిటారు వాయించే మికాయెల్ స్టానె వచ్చి పాడి పెట్టాడు. 1993లో డార్క్ ట్రాంక్విలిటీ తొలి ఆల్బమ్‌కు పాడిన ఆండర్స్ ఫ్రీడెన్ తర్వాత ఇన్ ఫ్లేమ్స్‌లో చేరాడు. ఒకరి చేనుకు ఒకరు బదులు పోయినట్లుంది ఈ వ్యవహారం!

అంతకన్నా ముచ్చటైనది మరొకటి ఉంది. అంత హోరులోనూ ఆ కుర్రాళ్లు తమ దేశపు పాత జానపద బాణీ ఒకటి ఆ ఆల్బమ్‌లో వాయించారు. దాని వెనుక ఒక కథ. హోర్గా అనే పల్లెకు మారువేషంలో సైతాను ఫిడేలు పట్టుకొని వచ్చాడట. ఆ వాయిద్యానికి పడుచువాళ్లు ఆడుతూ ఆడుతూ కొండెక్కి, ఎముకలు మిగిలేదాకా ఆగలేకపోయారట. మన అవ్వలు చెప్పే కథల తీరే.

మన జిల్లాలో చిందు యక్షగానానికి పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూశారు. చిందు మద్దెల, ఒగ్గు డోలు దెబ్బ తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారుండగానే ఆ దెబ్బను ఏ కుర్ర బృందమైనా తన తొలి ఆల్బమ్‌లోకి ఎక్కించుకుంటుందేమో చూడవలసి ఉంది.