విందులలో మత్తుబిళ్ళలు: దేహమునకు గలుగు హాని

బిలాసపురము రైలు పట్టణము. 1891లో నాగపూరు నుండి ఆసన్‌సోలు వరకు ఇనుపదారి పూర్తియైన నాటినుండి ఈ జంక్షనునకు ప్రాముఖ్యము హెచ్చినది. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. రైలు కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచ్చట నివసించుచున్నవి. వారి బిడ్డలలో పలువురు చదువులకై హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములకు పోవుచున్నారు. అట్టి నగరములలోని రాత్రి విందులలో ‘ఎక్‌స్టసీ’, ‘మాలీ’ అను పేర్లతో చేతికందు బిళ్ళలను గూర్చి పెద్దలును పిన్నలును ఎరిగియుండుట మేలు.

ఇందలి మందు ఎం.డి.ఎం.ఎ. దీనిని 1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీ రసాయనజ్ఞులు తొలుత తయారుచేసిరి. ఇది మెదడులోని సెరటోనిను అను పదార్థమును ఒక్కసారిగా వెలువరించును. అందుచే కొన్ని గంటలు ఉత్సాహము పొంగును, అలసట తెలియదు. ఆ నిల్వ తరిగిన పిమ్మట కొన్ని దినములు దిగులును, నిద్రలేమియు బాధించును.

ప్రమాద మెట్లు కలుగును?

నీరు తరిగిన బాయిలరు సంగతి రైలువారికి తెలియనిది కాదు. ఇరుకు గదిలో గంటలకొలది నర్తించువాని దేహోష్ణము 41 డిగ్రీల సెంటీగ్రేడును మించవచ్చును. అప్పుడు కండరములు చితికి, ఆ మలినము మూత్రపిండములను చెరచును. దీనికి వెరచి నీటిని మితిమీరి త్రాగుటయు ముప్పే. ఈ మందు మూత్రమును తగ్గించును గనుక రక్తములోని ఉప్పు పలుచనై, మెదడు వాచి, మూర్ఛ రావచ్చును. కెటమినును తరచుగా వాడినచో మూత్రాశయము పాడగును. జి.హెచ్.బి.ని మద్యముతో కలిపినచో ఊపిరి ఆగవచ్చును. బిళ్ళపై ముద్రను చూచి లోపలి మందేదో ఎవ్వరును చెప్పజాలరు.

ఆపదలో చేయవలసినది

మిత్రుడు ఒళ్ళు కాలి, మాట తడబడి కూలినపుడు, పోలీసు భయముచేతను, ఇంట తెలియునను వెరపుచేతను తోడివారు జాప్యము చేయుదురు. ఆ జాప్యమే ప్రాణము తీయవచ్చును. వెంటనే 108కు ఫోను చేయవలెను. రోగిని చల్లని చోటికి చేర్చి, తడిగుడ్డతో తుడిచి, విసరవలెను. స్పృహ లేనిచో ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టవలెను. నోట ఏమియు పోయరాదు. పారసిటమాలు ఈ వేడిని తగ్గింపదు. ఏమి మ్రింగెనో వైద్యునికి దాచక చెప్పవలెను.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము వీనిని అమ్ముటయు, ఉంచుకొనుటయు, సేవించుటయు నేరములే. ఐనను సేవించిన నేరమునకు, లేక స్వల్ప పరిమాణము కలిగియున్నందుకు అభియోగము పొందిన వ్యసనపరుడు తానై చికిత్స కోరినచో, ఆ చట్టము 64-ఎ సెక్షను అతనిని శిక్షనుండి కాపాడును. సలహాకు 14446 ఉచిత నంబరు కలదు.

సెలవులకు ఇల్లు చేరిన బిడ్డ నోరు విప్పినపుడు, కసరుటకు ముందు తల్లిదండ్రులు ఆలకింపవలెను. నిజము చెప్పుటకు ఇంట చోటున్న బిడ్డ, ఆపత్సమయమున సాయము కోరుటకు వెనుదీయడు.