కువైటు ప్రయాణమునకు ముందు

లేసు అల్లికతోను, వరిచేలలో కూలిపనితోను కాలము గడపుచున్న మొగల్తూరు, నరసాపురము ప్రాంతముల కుటుంబముల నుండి స్త్రీలు ఇంటిపనికై కువైటు, ఒమాను, బహ్రెయిను దేశములకు తరలిపోవుట దశాబ్దములుగా సాగుచున్నది. ప్రయాణమునకు ముందు ప్రభుత్వము తమ్మేమి విచారించునో, ఏల విచారించునో, ఏజెంటు నోట తప్ప వేరొకచోట వినని వారే వీరిలో పెక్కుమంది. వారు పడు అగచాట్లకు మూలము ఇచ్చటనే కలదని నా నమ్మకము.

మొదటి విచారణ పాస్‌పోర్టు కొరకు జరుగును. దరఖాస్తు చేసినవారి చిరునామా నిజమైనదా, వారిపై క్రిమినలు కేసులున్నవా అని స్థానిక పోలీసులు విచారించి నివేదిక పంపుదురు. కోర్టులో క్రిమినలు కేసు నడచుచున్నవారికి 1967 నాటి చట్టము క్రింద పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. ఆ కోర్టే అనుమతించినచో మార్గము కలదు.

రెండవ విచారణ అందరికిని లేదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టు సాధారణముగా 'ఈసీఆర్' (వలస తనిఖీ అవసరమైన) తరగతికి చెందును. అట్టివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు ఉద్యోగార్థము పోవలెనన్నచో, 1983 నాటి వలసల చట్టము ననుసరించి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. యజమాని ఎవరు, జీతమెంత, పని ఏమి అన్న విషయములు గల ఒప్పందపత్రమును ఆ కార్యాలయము పరిశీలించును. రెండేండ్లకు 275 రూపాయలు చెల్లించి ప్రవాసీ భారతీయ బీమా తీసికొనవలెను. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 10 లక్షల రూపాయలు ముట్టును. పరదేశమునకు పోవు కూలీని, ఏజెంటును అధికారి యెదుట నిలిపి షరతులు వ్రాయించు పద్ధతి 1837లోనే, తోటకూలీలను ఓడలలో పంపిన దినములలోనే, మన దేశమున ఆరంభమైనది.

స్త్రీల విషయమున నిబంధన మరింత కఠినము. ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీ 30 ఏండ్లు నిండనిదే ఈ దేశములకు ఉద్యోగమునకు పోరాదు. 2016 నుండి ఆమెను ఎంపిక చేయు అధికారము ప్రైవేటు ఏజెంటుకు లేదు, ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలకే కలదు. కావున ఇంటి వాకిట నిలిచి "ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా ఉన్నదమ్మా, డబ్బు కట్టు" అను ప్రైవేటు మనిషి ఎంతటి దగ్గరి చుట్టమైనను చట్టమునకు వెలుపలివాడే.

అతడు చూపు అడ్డదారి విజిటు వీసా. ఆ దారిన పోయిన స్త్రీకి పరిశీలించిన ఒప్పందము లేదు, బీమా లేదు. జీతము ఎగవేసిరని ఎంబసీకి చెప్పుకొన్నను చూపుటకు కాగితము లేదు. ముప్పదేండ్ల నిబంధన రక్షణకై పుట్టినదే యైనను, అప్పుల వత్తిడిలో నున్న ఇరువదైదేండ్ల తల్లిని అది ఇంట నిలుపజాలక ఈ దారికే నెట్టుచున్నది. వయస్సును విచారించు శ్రద్ధలో సగమైనను గ్రామములలో తిరుగు దళారులను విచారించుటయందు చూపవలెనని నేను కోరుచున్నాను. లైసెన్సు లేక మనుష్యులను పంపువానికి రెండేండ్ల వరకు కారాగారశిక్ష విధించు సెక్షను ఆ 1983 చట్టమునందే కలదు.