మేష్టారి జీతం ముచ్చట్లు: మీకు తెలుసా?

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుకు నోబెల్ వస్తే వర్సిటీ ఇచ్చే కానుక ఏమిటో చెప్పుకోండి చూద్దాం! కారు పెట్టుకోవడానికి కాస్త చోటు! ‘ఎన్ఎల్’ అని బోర్డు పెట్టిన ఆ జాగాలో నోబెల్ గ్రహీతలు తప్ప ఇంకెవరూ బండి ఆపకూడదు.

మధ్యయుగాల్లో ఇటలీలోని బొలోన్యాలో మేష్టార్లకు డబ్బులిచ్చేదీ విద్యార్థులే, జరిమానా వేసేదీ విద్యార్థులే! పాఠానికి అయిదుగురైనా రాకపోతే మేష్టారే రానట్టు లెక్క. ఊరు దాటాలంటే తిరిగొస్తానని హామీగా డబ్బు కట్టి వెళ్లాలి. గంట మోగాక నిమిషానికి మించి పాఠం సాగదీసినా తప్పే! ఇప్పటి పిల్లలు ఈ చివరి నియమం వింటే ఎగిరి గంతేస్తారు.

1764లో ఆర్థికవేత్త ఆడం స్మిత్ గ్లాస్గో వర్సిటీలో ఉద్యోగం మధ్యలో మానేస్తూ పిల్లల ఫీజులు వాపసు ఇవ్వబోతే, వాళ్లు వద్దంటే వద్దన్నారు! ఆయన ఓ కుర్రాడి కోటు పట్టుకుని మరీ జేబులో డబ్బు కుక్కారని చెబుతారు.

మహా తత్త్వవేత్త కాంట్ 15 ఏళ్లు జీతం లేకుండానే వర్సిటీలో పాఠాలు చెప్పారు! వినడానికొచ్చినవాళ్లు కట్టే ఫీజే ఆయన సంపాదన.

ఏడేళ్లకోసారి ఏడాది సెలవు, సగం జీతంతో! 1880లో హార్వర్డ్ ఈ ఆశ చూపి రప్పించుకున్నది ఎవరినో తెలుసా? సంస్కృత పండితుడు లాన్‌మన్‌ని!

అలబామా వర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నప్పుడు నిక్ సేబన్ జీతం ఏడాదికి కోటి డాలర్లు దాటింది! ఆ రాష్ట్ర గవర్నరు జీతానికి అది యాభై రెట్ల పైమాటే.

ప్రిన్స్‌టన్‌లోని పరిశోధన సంస్థ ‘ఎంత కావాలి?’ అంటే ఐన్‌స్టీన్ 3,000 డాలర్లు చాలన్నారట! వాళ్లు అంతకు మూడు రెట్లకు పైగానే ఇచ్చారు.

మనవాళ్లేం తక్కువ? 1917లో సి.వి.రామన్ పెద్ద జీతమొచ్చే సర్కారీ కొలువు వదిలి, తక్కువ జీతానికి కలకత్తా వర్సిటీలో చేరారు. అక్కడే ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్, అరవయ్యేళ్లు నిండిన 1921 నుంచి తన జీతమంతా వర్సిటీకే వదిలేశారు! ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

మన రాష్ట్ర వర్సిటీల్లో ఒకే ప్రాంగణం, రెండు లెక్కలు! అధ్యాపకులకు యూజీసీ స్కేళ్లు, బోధనేతర సిబ్బందికి రాష్ట్ర పీఆర్సీ స్కేళ్లు.

ఏడో వేతన సంఘం స్కేళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసరు మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. ఏటా పెరిగేది 3 శాతమే, కానీ 24 ఇంక్రిమెంట్లు పడేసరికి అది రెట్టింపు!

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వాడుకోని ఆర్జిత సెలవులు (ఈఎల్) 300 రోజుల దాకా దాచుకోవచ్చు! రిటైరయ్యాక ఆ సెలవులన్నీ డబ్బుగా చేతికొస్తాయి, అంటే పది నెలల జీతమన్నమాట. మీ ఇంట్లో వర్సిటీ ఉద్యోగి ఎవరైనా ఉంటే, సర్వీసు రిజిస్టరులో ఈఎల్ లెక్క ఓసారి సరిచూసుకోమని చెప్పండి!