రెండు చింతగింజలు, ఒక రక్త పరీక్ష



నెల తప్పగానే మనం ఏం చేస్తాం? ఏ.ఎన్.ఎం. అక్క దగ్గర పేరు రాయించుకుంటాం. ఆమె బరువు చూస్తుంది. బి.పి. చూస్తుంది. ఒంట్లో రక్తం ఎంత ఉందో చూస్తుంది. ఇవన్నీ మనకు తెలిసినవే.

ఈ పాఠంలో ఇంకో రక్త పరీక్ష గురించి చదువుదాం. దాని పేరు థలసీమియా పరీక్ష. పేరు నోరు తిరగడం లేదా? కూడబలుక్కుని చదవండి. థ-ల-సీ-మి-యా. వచ్చింది కదూ!

చెల్లి భయం

మా రాత్రి కేంద్రానికి ఒక చెల్లి వచ్చేది. పేరు చెప్పను. చెల్లి అనే అంటాను. ఆమెను మేనత్త కొడుక్కే ఇచ్చారు. నెల తప్పింది. ఇంట్లో అందరికీ సంతోషం. ఆమెకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

"ఎందుకమ్మా?" అని అడిగాను.

"మా అక్క కొడుకు గుర్తొస్తున్నాడు టీచరమ్మా" అంది.

ఆ బాబు పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. ఏడో నెలలో తెల్లగా పాలిపోయాడు. పాలు తాగడు. పొట్ట ఉబ్బింది. దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. తగ్గలేదు. పట్నం తీసుకుపోతే థలసీమియా అన్నారు. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. వాళ్లక్క కూలి మానుకుని బస్సెక్కుతుంది. రక్తం ఇచ్చేవాళ్ల కోసం వెతుక్కుంటుంది.

"నా బిడ్డకూ ఇలాగే అయితే?" అని చెల్లి భయం.

వాళ్లత్త మాట వేరు. "మా వంశంలో ఇలాంటి జబ్బు లేదు. అదంతా దాని తల్లి వైపుది" అనేది. ఆ మాటకే చెల్లి సగం చిక్కిపోయింది.

ఇదేం జబ్బు?

మన రక్తం ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపునిచ్చే పదార్థం పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అది ఒళ్లంతా మోసుకుపోతుంది. థలసీమియా జబ్బు ఉన్న బిడ్డకు అది సరిగా తయారు కాదు. అందుకే వేరేవాళ్ల రక్తం ఎక్కించాలి. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, బతికినన్నాళ్లూ ఎక్కించాలి.

రక్తంతో పాటు ఇనుము కూడా ఒంట్లో చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వాడాలి. వైద్యం సరిగా అందిన పిల్లలు పెరిగి పెద్దవుతారు. చదువుకుంటారు. ఉద్యోగాలూ చేస్తారు. తోబుట్టువు మూలుగ సరిపోతే మూలుగ మార్పిడి చేస్తారు. దానితో జబ్బు నయమయ్యే వీలుంది. కానీ అది పెద్ద వైద్యం. అందరికీ కుదరదు.

ఇది అంటుకునే జబ్బు కాదు. పాపం వల్ల వచ్చేది కాదు. గ్రహణం వల్ల వచ్చేదీ కాదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వస్తుంది.

గింజల ఆట

తల్లిదండ్రులకు జబ్బు లేదు కదా, మరి బిడ్డకు ఎలా వచ్చింది? ఇది అర్థం కావడానికి మా కేంద్రంలో ఒక ఆట ఆడాం. మీరూ ఆడండి.

కొన్ని చింతగింజలు తీసుకోండి. కొన్నింటిని బండ మీద అరగదీసి తెల్లగా చేయండి. నల్లగింజ అంటే మంచి గింజ. తెల్లగింజ అంటే లోపం ఉన్న గింజ.

రక్తం తయారు కావడానికి ప్రతి మనిషికీ రెండు గింజలు ఉంటాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది. ఒకటి నాన్న ఇచ్చాడు. డాక్టర్లు వీటిని జన్యువులు అంటారు.

రెండూ నల్లవైతే ఏ ఇబ్బందీ లేదు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది అయినా మనిషి బాగానే ఉంటాడు. పని చేసుకుంటాడు. రక్తం కొంచెం తక్కువ ఉండొచ్చు, అంతే. ఇలాంటి వాళ్లను క్యారియర్ అంటారు. అన్నం క్యారియర్ తెలుసు కదా? అన్నాన్ని మోస్తుంది కానీ తాను తినదు. వీళ్లూ అంతే. లోపాన్ని మోస్తారు కానీ జబ్బు పడరు. రెండు గింజలూ తెల్లవైతేనే జబ్బు.

మన దేశంలో సుమారుగా ప్రతి వంద మందిలో ముగ్గురు నలుగురు క్యారియర్లు ఉంటారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు ఆట. చెల్లి గుప్పిట్లో ఒక నల్లది, ఒక తెల్లది పెట్టాం. ఇంకొకామె మొగుడి వేషం వేసింది. ఆమె గుప్పిట్లోనూ అలాగే పెట్టాం. చూడకుండా ఒక్కొక్కరి దగ్గర ఒక్కో గింజ తీయాలి. నాలుగు రకాలుగా పడొచ్చు.

అమ్మది నల్లది, నాన్నది నల్లది: బిడ్డ బాగుంటుంది.
అమ్మది నల్లది, నాన్నది తెల్లది: బిడ్డ క్యారియర్.
అమ్మది తెల్లది, నాన్నది నల్లది: బిడ్డ క్యారియర్.
అమ్మది తెల్లది, నాన్నది తెల్లది: బిడ్డకు జబ్బు.

అంటే నాలుగింట ఒక పాలు జబ్బు వచ్చే అవకాశం. ప్రతి కాన్పుకూ ఇదే లెక్క. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అనుకోకూడదు. తీసిన గింజలు మళ్లీ గుప్పిట్లోకే పోతాయి. ఆట మళ్లీ మొదలు. మా ఆటలో వరసగా రెండుసార్లు తెల్లవే వచ్చాయి!

ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు ఈ జబ్బు రాదు. గింజను తల్లి ఏరి ఇవ్వదు. తండ్రీ ఏరి ఇవ్వడు. మరి తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు.

మేనరికం సంగతి

మేనరికం తెల్లగింజను పుట్టించదు. కానీ ఒకే ఇంటి గింజ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. చెల్లి నాన్న, ఆమె అత్త ఒకే తల్లి బిడ్డలు కదా! అలాగని బయటి సంబంధం అయితే భయం లేదనుకోవద్దు. చుట్టరికం లేని ఇద్దరూ క్యారియర్లు కావచ్చు.

పరీక్ష ఎలా చేస్తారు?

చేతి నుంచి కొంచెం రక్తం తీస్తారు. అంతే. ముందు రక్తకణాలు ఎంత సైజు ఉన్నాయో చూస్తారు. చిన్నవిగా ఉంటే ఇంకో పరీక్ష చేస్తారు. దాని పేరు హెచ్.బి.ఎ.2. మామూలుగా అది నూటికి 3.5 లోపు ఉంటుంది. క్యారియర్లలో సాధారణంగా 4, అంతకు మించి ఉంటుంది.

పెళ్లికి ముందే చేయించుకుంటే మంచిది. లేకపోతే నెల తప్పగానే చేయించుకోవాలి. ఆలస్యం వద్దు. క్యారియర్ అని తేలితే ఐరన్ మాత్రలు మీ అంతట మీరు మానొద్దు. డాక్టరును అడగండి.

చెల్లి క్యారియర్ అని తేలింది. ఇక భర్తకూ చేయాలి. అతను రానన్నాడు. "నాకేం రోగం? బస్తా ఎత్తుతాను" అన్నాడు. అప్పుడు వాళ్లక్క వచ్చింది. కొడుకు చేతిని చూపించింది. సూదుల మచ్చలు. "తమ్ముడూ, నీకు ఒక్క సూదే కదా!" అంది. అతను మారు మాట్లాడలేదు. మర్నాడే వెళ్లాడు.

అతనూ క్యారియరే.

ఇద్దరూ క్యారియర్లయితే?

కడుపులోని బిడ్డకు పరీక్ష చేయవచ్చు. ముందు భార్యాభర్తల జన్యువులు పరీక్షిస్తారు. తర్వాత 11, 12 వారాలప్పుడు స్కానింగులో చూస్తూ, సన్నని సూదితో మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. ఆలస్యమైతే 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీస్తారు. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. ఆ సంగతి ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. హైదరాబాదులో ఇలాంటి జన్యు పరీక్షలు చేస్తారు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ పరీక్ష జబ్బు తెలుసుకోవడానికే. ఆడో మగో అడగడం, చెప్పడం నేరం. 1994 చట్టం అలా చెబుతోంది.

బిడ్డకు జబ్బు ఉందని తేలితే ఏం చేయాలి? అది ఆ తల్లి నిర్ణయం. బిడ్డను కని పెంచుకుంటానంటే ఎవరూ వద్దనకూడదు. గర్భం తీయించుకుంటానంటే చట్టం ఒప్పుకుంటుంది. 2021లో మారిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 18 ఏళ్లు నిండిన స్త్రీ సంతకం చాలు. భర్త సంతకం, అత్త సంతకం అక్కర్లేదు. మన సంతకానికి అంత విలువ ఉంది. ఏ కాగితం మీదైనా చదివి, అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి.

సికిల్ సెల్ అనే జబ్బు కూడా ఇలాగే గింజల లెక్కలోనే వస్తుంది. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. ఆ జబ్బును 2047 నాటికి లేకుండా చేయాలని 2023లో కేంద్ర ప్రభుత్వం పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. మీ ఊరికి వస్తే అందరూ పరీక్ష చేయించుకోండి.

చెల్లి ఇంట్లో ఏమైంది?

ఫలితం కోసం చెల్లి రోజులు లెక్కపెట్టింది. బిడ్డ క్యారియర్ అని వచ్చింది. అమ్మానాన్నల లాగే. జబ్బు లేదు.

తర్వాత అత్త కూడా పరీక్ష చేయించుకుంది. ఆమె కూడా క్యారియరే. ఆ సాయంత్రం మా కేంద్రానికి వచ్చి కూర్చుంది. చాలాసేపు చింతగింజలు చేత్తో తిప్పుతూ ఉంది. "మా పుట్టింటి గింజే టీచరమ్మా. ఉత్తపుణ్యానికి పిల్లను ఆడిపోసుకున్నా" అంది.

ఇప్పుడు అక్క కొడుకును రక్తానికి తీసుకుపోయేటప్పుడు, ఒకసారి అక్క వెళ్తుంది, ఒకసారి అత్త వెళ్తుంది. చెల్లి భర్త ఏడాదికి రెండుసార్లు రక్తదానం చేసే వాళ్లను కూడగడుతున్నాడు.

మాట్లాడుకుందాం

1. ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు జబ్బు వస్తుందా?
2. మీ ఇంట్లో ఎవరికైనా తరచూ రక్తం ఎక్కిస్తున్నారా?
3. మీ పి.హెచ్.సి.లో ఈ పరీక్ష ఉందా? లేకపోతే ఎక్కడికి పంపుతారు? ఏ.ఎన్.ఎం. అక్కను అడిగి వచ్చి చెప్పండి.
4. థలసీమియా అనే మాటను మూడుసార్లు రాయండి.