అనుమతి లేని చూపు

గత సంవత్సరం మా మద్రసా వార్షిక సభలో విద్యార్థులు ఒక ముకాలమా ప్రదర్శించారు. ఒక బాలుడు సెల్‌ఫోన్ వేషం ధరించాడు. వెనుక తెరపై దృశ్యాలు మారుతుండగా, తన యజమాని ఎక్కడ తిరిగాడో, ఏమి కొన్నాడో, ఎవరితో మాట్లాడాడో ఏకరువు పెట్టాడు. అందరూ నవ్వారు. చివరకు ఆ ఫోను "నన్ను కొన్నది నీవే, కాని నేను నీ ఒక్కడి నౌకరును కాను" అనగానే సభ నిశ్శబ్దమైంది.

కోనసీమ వాసులకు ఇది కొత్త మాట కాదు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో హింస చెలరేగినప్పుడు, పోలీసులు సీసీ కెమెరా దృశ్యాలు, వాట్సాప్ సందేశాల ఆధారంగా నిందితులను గుర్తించారు. ఇళ్లు తగులబెట్టినవారిని పట్టుకోవడం ప్రభుత్వ ధర్మమే. అయితే రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిచిపోగా, ఏ పాపమూ ఎరుగని ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి గట్టున కూర్చోవలసి వచ్చింది.

నేరస్థుని వెదకడం వేరు, దారిన పోయే ప్రతి ముఖాన్నీ భద్రపరచడం వేరు. 2021లో హైదరాబాదులో పోలీసులు తనను ఆపి ఫొటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టును ఆశ్రయించి, ముఖాలను గుర్తించే సాంకేతికతను సవాలు చేశారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. కాని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని అదే చట్టం కేంద్రానికి కట్టబెట్టింది.

ఇతరుల రహస్యాలను ఆరా తీయరాదని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలోని 12వ ఆయతు నిషేధిస్తున్నది. పరుల ఇంట అనుమతి పొంది, సలాం చేసి మాత్రమే ప్రవేశించాలని నూర్ సూరా 27వ ఆయతు బోధిస్తున్నది. ఫోను కూడా ఒక ఇల్లే. దానిలో మనవారివే కాక, ఇరుగుపొరుగు వారి ఫొటోలు, ఆధార్ ప్రతులు, రహస్యాలు కూడా ఉంటాయి. అవన్నీ మన వద్దనున్న అమానతులు.

ఈ మాటలు వ్రాయడానికి నాకు అర్హత ఉందా అని సందేహిస్తున్నాను. సభ ముగిసిన రాత్రే ఆ ముకాలమా వీడియోను నేనే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అది ఎన్నో ఫోన్లకు చేరింది. మరునాడు ఆ బాలుని తల్లి వచ్చి తలుపు చాటున నిలబడి, "హజ్రత్, మా అబ్బాయి ముఖాన్ని ఊరంతటికీ పంపే ముందు నన్నొక్కమాట అడగవలసింది కదా!" అన్నది.

నా వద్ద జవాబు లేదు. క్షమాపణ కోరి వీడియో తొలగించాను, కాని ఇతరుల ఫోన్లలో చేరిన దానిని వెనుకకు తేలేకపోయాను. ఈ సంవత్సరం సభకు ముందు ప్రతి ఇంటికీ వెళ్లి సలాం చెప్పి, తలుపు వద్దనే నిలబడి అడుగుతున్నాను.