ఇత్తడి గొట్టం, అడుగున ఒక కన్నం

ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ మొదలవగానే మా ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కెమిస్ట్రీ ల్యాబుల్లో ఫ్యాన్లు ఆపేస్తాం. ఫ్యాను తిరిగితే బున్సెన్ బర్నర్ మంట నిలవదు మరి. చొక్కాలు వీపులకు అంటుకుపోతున్నా ఎవరూ స్విచ్ జోలికి పోరు. సాల్ట్ ఎనాలిసిస్‌లో జ్వాలా పరీక్ష జరుగుతుంటుంది. తీగ కొసను యాసిడ్‌లో ముంచి, లవణం అద్ది, మంటలో పెట్టాలి. కాల్షియం అయితే ఇటుక ఎరుపు, బేరియం అయితే లేతాకు పచ్చ. మా పిల్లలకు మాత్రం ముందుగా కనిపించేది పసుపే. “సోడియం సార్!” అని అరుస్తారు. అది సాల్టులోది కాదురా, నీ వేళ్ల చెమటలోది!

చెమటలోని చిటికెడు ఉప్పును కూడా పట్టిచ్చేది ఆ మంటే. దానికి సొంత రంగు దాదాపు లేకపోవడమే దాని గొప్పతనం. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్ కోరుకున్నదీ అదే. ఆయన 1852లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడ కొత్త ప్రయోగశాల కట్టేనాటికి ఊళ్లోకి బొగ్గు గ్యాస్ వచ్చింది. కానీ ఆ గ్యాస్ మంట వీధి దీపాలకే బాగుండేది. పసుపుగా వెలిగి, గిన్నెలకు మసి పట్టించేది. మండేముందే గ్యాస్‌లో గాలి కలిస్తే మసి ఉండదు కదా అన్నది బున్సెన్ ఆలోచన. దానికి రూపమిచ్చినవాడు విశ్వవిద్యాలయ మెకానిక్ పీటర్ దెసాగా. అలాంటి బర్నర్‌ను ఇంగ్లండులో శాస్త్రవేత్త ఫారడే అంతకుముందే ప్రయత్నించాడు. అయినా పేరు బున్సెన్‌కే దక్కింది. ఆయన దానిమీద పేటెంట్ తీసుకోలేదు.

ఆ బర్నర్ పనితనమంతా అడుగునే ఉంది. సన్నని రంధ్రంలోంచి గ్యాస్ జోరుగా పైకి చిమ్ముతుంది. ఆ జోరుకు పక్క కన్నంలోంచి గాలి తనంతట తానే లోపలికి వస్తుంది. రెండూ గొట్టంలో కలిసి పైన మండుతాయి. చుట్టూ ఉన్న పట్టీని తిప్పి కన్నం మూస్తే మంట పసుపు, తెరిస్తే నీలం. ఆ నీలి మంట మధ్యలో చిన్న శంకువు కనిపిస్తుంది. అది ఇంకా మండని గ్యాస్. ముందే ఒక అగ్గిపుల్లకు గుండుసూది గుచ్చి, తల పైకి ఉండేలా గొట్టం మూతికి వేలాడదీసి, ఆ తర్వాత బర్నర్ వెలిగించండి. చుట్టూ మంట ఉన్నా పుల్ల తల చాలాసేపు అంటుకోదు. ఎన్నిసార్లు చూపించినా పిల్లలు నోరు తెరుచుకునే చూస్తారు.

ఆ రంగులేని మంటను పెట్టుకుని బున్సెన్, భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ కలిసి వర్ణపటాలు, అంటే రంగు గీతలుగా విడదీసిన కాంతి, చూశారు. జర్మనీలోని డ్యూర్క్‌హైమ్ ఊటనీటిలో 1860లో సీజియం అనే కొత్త మూలకం బయటపడింది. మరుసటి ఏడు రుబీడియం. కాస్తంత లవణం కోసం 40 టన్నులకు పైగా నీళ్లు ఇగిర్చారు. కొన్నేళ్లకే ఆ విద్య మా గడ్డకు వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మా కొల్లేరు సరస్సుకు దక్షిణాన మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ వర్ణపటదర్శినులతో కాచుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతకు దగ్గరే, కానీ సోడియం కాదు. తర్వాత తేలింది, అది హీలియం. మా పిల్లల చెమట గీతకు పొరుగు గీతన్నమాట!

ఇక ప్రమాదం సంగతి. అదీ ఆ రంగులేనితనంలోనే ఉంది. ఒక కాలేజీలో కిటికీ పక్క బల్ల మీద, ఎండ పడుతున్నచోట, నీలి మంట మండుతోంది. ఆరిందనుకుని ఒక కుర్రాడు దాని మీదుగా చెయ్యి చాచాడు. చొక్కా చేయి అంటుకుంది. పక్కవాడు నీళ్లు కుమ్మరించబట్టి సరిపోయింది. అందుకే పని లేని ప్రతి నిమిషం కన్నం మూసి, పసుపు మంట పెట్టమంటాను. అది కంటికి కనబడి తానే హెచ్చరిస్తుంది. వెలిగించేటప్పుడూ కన్నం మూసే ఉండాలి. ముందు అగ్గిపుల్ల, తర్వాతే గ్యాస్. జడ ముడవాలి, చున్నీ వెనక్కి కట్టాలి. ఒక్కోసారి గ్యాస్ తగ్గి మంట గొట్టంలోకి దూకి అడుగున మండుతుంది, బుస్సుమని చప్పుడొస్తుంది. అప్పుడు గొట్టం ముట్టుకోకూడదు, కుళాయి కట్టెయ్యాలి. లంక గ్రామాల బళ్లలో సారాదీపం వాడేవాళ్లకూ జాగ్రత్త కావాలి. దాని మంట పగటి వెలుగులో ఇంకా తక్కువగా కనిపిస్తుంది. వెలుగుతుండగా స్పిరిట్ పోయడమంటే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే.

మన పుస్తకాలు సరిగా చెప్పనిది ఇంకొకటుంది. బున్సెన్ కాలపు బొగ్గు గ్యాస్ గాలికన్నా తేలిక, లీకైతే పైకి పోయేది. మన సిలిండర్‌లోని ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలబారున బల్లల కింద చేరుతుంది. పైన వెంటిలేటర్ ఉందని ధీమా పడొద్దు. వాసనొస్తే కుళాయి కట్టి తలుపులు బార్లా తెరవండి, ఫ్యాను స్విచ్ ముట్టుకోవద్దు.

బున్సెన్‌కు వయసులో ఉండగానే ఆర్సెనిక్ పదార్థం పేలి కుడికన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే ఆ మంటలన్నీ చూశాడు. ఈ రాత్రి మీ గ్యాస్‌పొయ్యిని ఆపి, చల్లారాక, కిందికి వంగి గొట్టం మొదట్లో చూడండి. ఆ కన్నం అక్కడుంటుంది.